మీకు తెలుసా? విప్పడానికే పుట్టిన బేస్ గిటార్

ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌ను ఊరూరికీ చేర్చిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1938లో రిపేరు షాపు పెట్టాడు. 1951లో ప్రెసిషన్ బేస్ తయారుచేసినప్పుడూ రిపేరు చేసేవాడిలాగే ఆలోచించాడు. నెక్‌ను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. ఫ్రెట్లు, అంటే వీణకు మెట్లలాంటివి, అరిగిపోతే నెక్ విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. అంతకుముందే, 1930లలో, సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ ఫ్రెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేశాడు గానీ అది జనంలోకి వెళ్లలేదు. ఇంట్లో బేస్ విప్పాలంటే చెయ్యి వణికేవాళ్లు ఫెండర్ బిగించిన ఆ నాలుగు స్క్రూలను గుర్తు తెచ్చుకుంటే చాలు.

ఫ్రెట్లు పీకేస్తే వాద్యం పాడైనట్టే అనుకుంటాం. బిల్ వైమన్ రోలింగ్ స్టోన్స్ బ్యాండ్‌లో చేరకముందు, 1961లో, ఒక చవక బేస్ కొని దాని ఫ్రెట్లు పీకేశాడు. కొత్తవి వేయాలన్నదే అతని ఉద్దేశం. తీరా వాయించి చూస్తే ఫ్రెట్లు లేకుండానే బాగుందనిపించి అలాగే ఉంచేశాడు.

ఫ్లోరిడాలో పెరిగిన బేసిస్ట్ జాకో పాస్టోరియస్ కథ ఇంకా గొప్పది. అతని 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కు ఫ్రెట్లు ఎవరు పీకారన్నది అతనే ఒక్కోసారి ఒక్కోలా చెప్పాడు. ఆ తరవాత చేసిన పని మాత్రం స్పష్టం. ఖాళీ అయిన గాట్లను పూడ్చి, పడవలకు పూసే ఎపాక్సీని ఫింగర్‌బోర్డు మీద పొరలుగా పూశాడు. దానికి కారణముంది. అతను వాడే రౌండ్‌వౌండ్ తీగలకు పైన చుట్టిన తీగ గరుకుగా ఉంటుంది, ఉత్త రోజ్‌వుడ్‌ను అది ఆకురాయిలా కొరికేస్తుంది. గట్టి ఎపాక్సీ పొర చెక్కను కాపాడింది, స్వరానికి మెరుపూ సాగుదలా తెచ్చింది. 1976లో వచ్చిన అతని తొలి ఆల్బమ్ విని ఎందరో తమ బేస్‌ల ఫ్రెట్లు పీకించుకున్నారు.

ఇక ఇళ్లల్లో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ‘గుయ్’మనే మోత. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే ఇ తీగ, 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దాని మూడో ఫ్రెట్ మీద వచ్చే జి స్వరం 49 హెర్ట్జ్. అంటే మన ఇంటి కరెంటు మోత ఆ స్వరం పక్కనే కూర్చుంటుంది! మోత అంత మొండిగా పాటలో కలిసిపోవడానికి ఇదొక కారణం.

జాజ్ బేస్ తరహా వాద్యంలో, తీగల కదలికను కరెంటుగా మార్చే రెండు పికప్‌ల వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే మోత దాదాపు పోతుంది, ఒకదాన్ని తగ్గించగానే తిరిగొస్తుంది. ఇది చెడిపోవడం కాదు. రెండు పికప్‌లలోనూ రాగితీగ చుట్టే దిశ, అయస్కాంతాల ధ్రువాలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. అందువల్ల రెండిటి మోతలూ కొట్టేసుకుంటాయి, తీగల స్వరాలు మాత్రం కలుస్తాయి. ప్రెసిషన్ బేస్‌కు 1957లో వచ్చిన రెండు ముక్కల పికప్‌లోనూ ఇదే కిటుకు. తీగలు ముట్టుకోగానే మోత తగ్గిందంటే గ్రౌండ్ వైరు సరిగ్గానే ఉందని అర్థం. పికప్‌లూ వైర్లూ ఉండే లోపలి గూటికి రాగి టేపు అతికించి, ఆ టేపును గ్రౌండ్‌కు కలిపితే ఇంకా తగ్గుతుంది. ముట్టుకున్నప్పుడు షాక్ కొడితే మాత్రం బేస్‌ను వదిలేసి ఆంప్లిఫయర్‌నీ, ఇంటి ఎర్తింగ్‌నీ ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. ఆ పని సొంతంగా చేయొద్దు.

వాయిస్తుండగా శబ్దం వచ్చి పోతోందా? పికప్‌ను అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడండి, తరవాత జాక్ చూడండి. జాక్ నట్టు వదులైతే కేబుల్ గుచ్చిన ప్రతిసారీ జాక్ మొత్తం తిరిగి, లోపలి వైరు మెలితిరిగి, సోల్డరింగ్ ఊడుతుంది. బయటి నుంచి నట్టు ఒక్కటే బిగిస్తే అదే మెలిక ఇంకా బిగుసుకుంటుంది. ప్లేటు విప్పి, లోపల జాక్‌ను వేళ్లతో కదలకుండా పట్టుకుని బిగించాలి. నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు బాగా తిప్పితే చాలాసార్లు పోతుంది.

నాలుగు తీగలూ కలిసి నెక్‌ను సుమారు 80 కిలోల బలంతో లాగుతాయని తెలుసా? ఆ లాగుడుకు ఎదురు నిలిచేది నెక్ లోపలి ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ. వానాకాలంలో చెక్క తేమ పీల్చి వంపు మారుతుంది, నిన్నటిదాకా బాగున్న బేస్ ఉన్నట్టుండి టకటకమంటుంది. మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా తీగను నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. రాడ్‌ను ఒకసారికి పావు చుట్టుకన్నా ఎక్కువ తిప్పొద్దు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి, చెక్క సర్దుకునేదాకా ఆగి చూడాలి.

పాత తీగల సంగతికొస్తే, వాటి స్వరంలో మెరుపు పోయేది చుట్ల మధ్య ఇరుక్కున్న చెమటా మట్టీ వల్ల. నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి వేస్తే కొన్నాళ్లు ఆ మెరుపు మళ్లీ వస్తుంది. కానీ డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. అవి నున్నని ఫ్లాట్‌వౌండ్ తీగలు. అతని బేస్‌లో తీగలు ఆనే బ్రిడ్జ్ మూత కింద ఫోమ్ ముక్క తీగలకు ఆనుకుని ఉండేది. ‘మై గర్ల్’ పాటలో వినిపించే గుండ్రని, పొట్టి స్వరం అదే. మీ బేస్‌లోనూ బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చిన్న ఫోమ్ ముక్క దూర్చి వినండి, ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు.