పచ్చిక మిషన్ పుట్టిల్లు బట్టల మిల్లు

అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల మధ్య నడుస్తుంటే కాలికింద పచ్చిక మెత్తగా తగులుతుంది. గుడులు ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యులు మొదలుపెట్టినవి గనుక పచ్చిక కూడా అప్పటిదేనని అనుకునేవాళ్లున్నారు. అది అపోహ. (పేర్లలో బ్రహ్మ ఉంది కాబట్టి అవి బ్రహ్మ గుడులనుకోవడం ఇంకో అపోహ, లోపల కొలువైంది శివుడే.) గరిక మన నేలదే, వినాయకుడి పూజలో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ గడ్డిని ఒకే ఎత్తున కత్తిరించి చూసి మురిసిపోవడం ఇంగ్లండు తోటల అలవాటు. 1899 నుంచి 1905 దాకా వైస్రాయ్‌గా ఉన్న కర్జన్ కాలంలో తాజ్‌మహల్ తోటకు ఆ రూపం వచ్చింది. తర్వాత రక్షిత కట్టడాల చుట్టూ లాన్ పెంచడం రివాజైపోయింది.

మరి ఆ గడ్డి కోసే మిషన్? తోటమాలి ఎవరో కనిపెట్టి ఉంటాడనుకుంటాం. కాదు, అది బట్టల మిల్లులో పుట్టింది. నేతకు పేరుపడ్డ గద్వాల పక్కన ఉన్న మనం ఈ కథ తప్పక తెలుసుకోవాలి.

ఇంగ్లండులో స్ట్రౌడ్ లోయ ఉన్ని బట్టల సీమ. అక్కడ నేసిన బట్టను తడిపి, బాది, దట్టం చేసి, పైకి లేచిన నూగును సమంగా కత్తిరించేవారు. ఉరుళ్ల మీద మెలితిరిగిన బ్లేడ్లున్న యంత్రం ఆ పని చేసేది. మన పాలమూరు కురుమల గొంగడికి ఈ కత్తిరింపు అక్కర్లేదు. చింతగింజల గంజి పట్టించిన ఆ ముతకదనమే దాని బలం. స్ట్రౌడ్‌లో మాత్రం బట్ట ఎంత నున్నగా ఉంటే అంత ధర. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ ఆ యంత్రాన్ని చూసి, నూగుకు బదులు గడ్డిని పెట్టి ఆలోచించాడు. 1830 ఆగస్టు 31న పేటెంటు వచ్చింది. జాన్ ఫెరాబీ పెట్టుబడి పెట్టి తన ఇనుప కార్ఖానాలో తయారు చేయించాడు. 19 అంగుళాల వెడల్పు, ఇనుప బరువు. వెనక ఒకరు తోయాలి, ముందు ఇంకొకరు లాగాలి. అప్పటిదాకా మంచు తడి ఆరకముందే పొడవాటి కొడవళ్లతో కోసిన కూలీల పనిని ఈ మిషన్ పొడి గడ్డి మీద చేసి చూపింది. అంత పెద్ద మార్పు తెచ్చిన బడ్డింగ్ పేరు మనలో ఎంతమంది విన్నారు?

మిషన్ అంటే పెట్రోలుతో నడిచేదనే అపోహ కూడా బలమైనదే. పుట్టిన 70 ఏళ్ల దాకా దీనికి పెట్రోలు వాసనే తెలియదు. 1842లో స్కాట్లండులో షాంక్స్ గుర్రం లాగే మిషన్ చేశాడు. డెక్కలు లాన్‌లో దిగకుండా గుర్రానికి తోలు బూట్లు తొడిగేవారు. తాజ్‌మహల్ పచ్చికను మన ఎద్దులే లాగి కోశాయి. 1893లో ఆవిరి మిషన్, 1902లో రాన్సమ్స్ పెట్రోలు మిషన్ వచ్చాయి. ఈ రాన్సమ్స్ మొదట నాగళ్లు పోతపోసిన కంపెనీ! 1832లోనే బడ్డింగ్ మిషన్ తయారీకి లైసెన్సు తీసుకుంది. అడ్డంగా గిర్రున తిరిగే బ్లేడున్న రకాన్ని ఆస్ట్రేలియాలో ఇంటింటికీ చేర్చింది 1952లో మొదలైన విక్టా.

ఇక రోజూ నష్టం చేసే అపోహ: బాగా కిందికి కోస్తే మళ్లీ మళ్లీ కోసే పని తప్పుతుందని. గడ్డి ఎంత పొట్టిగా కోస్తే వేరు అంత పైపైనే ఉండిపోతుంది. ఏప్రిల్, మే ఎండలకు తుంగభద్ర ఒడ్డున కూడా అలాంటి పచ్చిక మాడిపోతుంది. ఒక్క కోతలో ఎత్తులో మూడోవంతుకు మించి తీయొద్దు. వేసవిలో బ్లేడును కాస్త పైకి బిగించాలి. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చింపుతుంది. మరునాటికి కొసలు తెల్లబడితే కారణం అదే, నీళ్ల కొరత కాదు. చిన్నగా తెగిన గడ్డిని అక్కడే వదిలేస్తే అందులోని నత్రజని నేలకే చేరుతుంది. మందు కొట్టని పచ్చికైతే, కోసింది పశువులకు మేతగా వేయొచ్చు.