నమూనా వాతావరణ సదస్సు: ‘మేము’, ‘మనం’ మధ్య సాగే చర్చ

కీలక పదాలు: వాతావరణ మార్పు, నమూనా సదస్సు, పాత్రాభినయం, ఉద్గారాలు, సర్వనామాలు.

1. ఉపోద్ఘాతం

భూతాప పెరుగుదలను 2 డిగ్రీల సెల్సియస్‌కు బాగా దిగువన నిలపాలని, 1.5 డిగ్రీలకు పరిమితం చేసేందుకు కృషి చేయాలని 2015 నాటి పారిస్ ఒప్పందం నిర్దేశించింది. లక్ష్యం ఉమ్మడిదే అయినా, ఎవరి భారం ఎంత అన్న దగ్గరే చర్చలు చిక్కుపడుతున్నాయి. ఆ చిక్కును విద్యార్థులకు అనుభవంలోకి తెచ్చే బోధనాపద్ధతి నమూనా వాతావరణ సదస్సు. వాటిలో ప్రసిద్ధమైన ‘వరల్డ్ క్లైమేట్’ స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నిర్వహణ విధానం

అమెరికాకు చెందిన క్లైమేట్ ఇంటరాక్టివ్ సంస్థ, ఎం.ఐ.టి. స్లోన్ మేనేజ్‌మెంట్ విద్యాలయం తదితర సంస్థలు దీనిని రూపొందించాయి. సరళమైన రూపంలో విద్యార్థులు మూడు కూటములవుతారు. అభివృద్ధి చెందిన దేశాలు మొదటిది. చైనా, భారత్ వంటివి రెండవది. మిగిలిన పేద దేశాలు, ద్వీపదేశాలు మూడవది. మొదటి కూటమికి బల్ల, కుర్చీలు, ఫలహారాలు ఉంటాయి. మూడవ కూటమి నేలమీద కూర్చుంటుంది. అసమానత ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది.

ఉద్గారాల పెరుగుదల ఎప్పుడు ఆగాలి, తగ్గుదల ఎప్పుడు మొదలవ్వాలి, ఏటా ఎంత శాతం తగ్గాలి, అడవులను ఎలా కాపాడాలి, సహాయనిధికి ఎంత ఇవ్వాలి అన్నవి ప్రతి కూటమీ నిర్ణయించుకోవాలి. ఈ హామీలను ‘సీ-రోడ్స్’ అనే కంప్యూటర్ నమూనాలో నమోదు చేస్తే 2100 నాటి ఉష్ణోగ్రత తెరపై కనిపిస్తుంది. తొలి విడత హామీలు సాధారణంగా లక్ష్యాన్ని అందుకోవు. అప్పుడు బేరసారాలు మళ్లీ మొదలవుతాయి.

3. అవగాహన, ప్రేరణ

ఈ క్రమంలో రెండు సత్యాలు ఎదురెదురుగా నిలుస్తాయి. సంపన్నదేశాలు మాత్రమే ఉద్గారాలు తగ్గిస్తే లక్ష్యం నెరవేరదు. అయితే పాత ఉద్గారాలలో అధికభాగం ఆ దేశాలదే. 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం పేర్కొన్న ‘ఉమ్మడివే అయినా భిన్నమైన బాధ్యతలు’ అనే సూత్రానికి మూలం ఇదే.

ఎనిమిది దేశాలలో 2,042 మంది పాల్గొన్న సదస్సులపై 2018లో ‘ప్లాస్ వన్’ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. వారిలో 81 శాతం మందికి వాతావరణ మార్పును ఎదుర్కోవాలన్న ప్రేరణ పెరిగిందని అది తెలిపింది. ప్రేరణ పెరగడం వేరు, ఆచరణ మారడం వేరు అన్నది మాత్రం గమనార్హం.

4. తెలుగులో చర్చిస్తే

ఇంగ్లీషులో ఉత్తమపురుష బహువచనానికి ‘వియ్’ ఒక్కటే. తెలుగులో వినేవారిని మినహాయించే ‘మేము’, కలుపుకొనే ‘మనం’ వేర్వేరు. తెలుగులో చర్చించే ప్రతినిధి అడుగడుగునా ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. “మేము ఇంకా అభివృద్ధి చెందాలి” అన్నది పేదదేశపు న్యాయమైన వాదన. “మనం ఉద్గారాలు పెంచాం” అని సంపన్నదేశం అంటే, ఎవరు ఎంత పెంచారన్న లెక్క మరుగున పడుతుంది.

5. ముగింపు

‘మేము’ స్వార్థానికీ, ‘మనం’ ఐక్యతకూ గుర్తులని సులువుగా తేల్చలేము. ప్రతి కూటమి ‘మేము’నూ న్యాయంగా లెక్కించిన తరువాతనే ‘మనం’ అనే మాటకు విలువ వస్తుంది. నమూనా సదస్సు విద్యార్థికి నేర్పే ప్రధాన పాఠం ఇదే. తెలుగు తరగతిగదిలో నిర్వహిస్తే ఆ పాఠాన్ని భాషే ముందుగా గుర్తుచేస్తుంది.