మళ్ళీ కింది మెట్టు నుంచి

ఉగాది సంబరాలు ముగిసి, అద్దె హాలు ఊడ్చి, తాళాలు అప్పగించేసరికి ఈ దేశంలో ఇంకొక కొత్త సంవత్సరం మొదలవుతుంది. ఏప్రిల్ వచ్చిందంటే బేస్‌బాల్ సీజను. మన పిల్లలు లిటిల్ లీగ్ టోపీలు వెతుక్కుంటారు. మనం మడతకుర్చీలు, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని మైదానం అంచున చేరతాము. ఎవరు ఎందుకు పరుగెత్తుతున్నారో సగం అర్థం కాకపోయినా చప్పట్లు మాత్రం గట్టిగానే కొడతాము.

ఈ నెల మేము పాఠకులకు చెప్పబోయేది టీవీలో కనిపించే పెద్ద జట్ల సంగతి కాదు. వాటి కింద, చిన్న ఊళ్ళలో ఆడే మైనర్ లీగుల సంగతి. అందులోనూ ఒక్క కుర్రవాడు, 2023 ఏప్రిల్‌లో అతను మొదలుపెట్టిన ఒక్క సీజను.

అతని పేరు కుమార్ రాకర్. పేరులో సగం మనకు తెలిసినదే గదా! తల్లి లలిత, ఆమె తల్లిదండ్రులు భారతదేశం నుంచి ఈ దేశానికి వలస వచ్చినవారు. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ విశ్వవిద్యాలయంలో పేరుమోసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తరువాత కోచ్.

కుమార్ పిచర్, అంటే బంతి విసిరేవాడు. క్రికెట్ బౌలరులాగ పిచర్ దూరం నుంచి పరుగెత్తుకు రాడు. మట్టిదిబ్బ మీద నిలబడి, మోచెయ్యి వంచి, ఒంట్లోని బలమంతా ఆ చేతిలోకి తెచ్చి విసురుతాడు. మూడు స్ట్రైకులతో బ్యాటరును వెనక్కి పంపితే దానిని స్ట్రైకవుట్ అంటారు. 2019 జూన్‌లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చదువుతూ కుమార్ డ్యూక్ జట్టుకు ఒక్క హిట్టు కూడా ఇవ్వకుండా, 19 స్ట్రైకవుట్లతో ఆట ముగించాడు. ఆ సంవత్సరమే అతని జట్టు కళాశాలల జాతీయ ఛాంపియన్ అయింది.

అంతటి ఆటగాడు తిన్నగా పెద్ద జట్టులోకి వెళ్ళిపోతాడనుకుంటాము. ఈ ఆటలో దాదాపు ఎవరికీ అలా జరగదు. మేజర్ లీగులో 30 జట్లు వున్నాయి. 2021లో చేసిన మార్పుల తరువాత ఒక్కొక్క జట్టు కింద నాలుగేసి మైనర్ జట్లు, మొత్తం 120. కింది నుంచి సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అని నాలుగు మెట్లు. వీటికీ కింద, ఆరిజోనాలోను, ఫ్లోరిడాలోను కొత్తవాళ్ళకు, గాయాల నుంచి కోలుకునేవాళ్ళకు శిక్షణ మైదానాలు. ఎంత పేరున్నవాడైనా ఈ మెట్లు ఎక్కిరావలసిందే.

కుమార్‌కు ఆ మెట్ల దగ్గరకు చేరటమే కష్టమైంది. 2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదవ ఆటగాడిగా ఎంచుకున్నది. వైద్యపరీక్షల తరువాత చేతి విషయంలో సందేహం వచ్చి ఒప్పందం ఇవ్వలేదు. 2022లో అతను ట్రాయ్ అనే ఊరికి వెళ్ళి, ఏ పెద్ద జట్టుకూ చెందని ఒక స్వతంత్ర లీగులో ఆడాడు. అయిదు ఆటలు, 20 ఇన్నింగ్సులు, 32 స్ట్రైకవుట్లు. ఆ వేసవిలోనే టెక్సాస్ రేంజర్స్ అతన్ని మూడవ ఆటగాడిగా ఎంచుకుని 52 లక్షల డాలర్ల బోనసు ఇచ్చింది.

ఇక 2023 ఏప్రిల్. ఊరు ఉత్తర కరోలినాలోని హికరీ. జట్టు పేరు క్రాడాడ్స్, అంటే వాగుల్లో దొరికే రొయ్యలాంటి జీవి. మెట్టు హై-ఏ, కింది నుంచి రెండవది. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు ఆటలు, సోమవారం సెలవు, మళ్ళీ బస్సు, మళ్ళీ ఇంకొక ఊరు. సెప్టెంబరు దాకా ఇదే వరస.

కుమార్‌కు బోనసు వున్నది కాని, పక్కన కూర్చుని బూట్లు కట్టుకునే అందరికీ అంత డబ్బు వుండదు. ఆ మెట్టు మీద కనీస జీతం ఏడాదికి సుమారు 11,000 డాలర్లుగా వుండేది. మైనర్ లీగు ఆటగాళ్ళు సంఘంగా ఏర్పడి, సరిగ్గా ఆ సీజను మొదలయ్యే రోజుల్లోనే, చరిత్రలో మొట్టమొదటి ఒప్పందం సాధించారు. దానితో కనీస జీతం 27,300 అయింది. జట్టే వసతి చూపించటం అంతకు ముందు ఏడాది నుంచే మొదలైంది. మనలో చాలామంది రీసెర్చి అసిస్టెంట్లుగా బతికిన రోజులు గుర్తు చేసుకుంటే ఆ లెక్క అర్థమవుతుంది.

సీజను బాగానే మొదలైంది. ఆరు ఆటలు, 28 ఇన్నింగ్సులు, 42 స్ట్రైకవుట్లు. అంతలో మోచెయ్యి దెబ్బతిన్నది. మే నెలలోనే ఆపరేషను.

ఆ ఆపరేషనుకు ఒక ఆటగాడి పేరే పెట్టారు: టామీ జాన్. మోచేతి లోపలివైపు ఎముకలను పట్టివుంచే లిగమెంటు తెగితే, మణికట్టు దగ్గర నుంచి ఒక టెండను తీసి, ఎముకకు రంధ్రాలు చేసి దాని స్థానంలో కడతారు. 1974లో లాస్ ఏంజలెస్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసినప్పుడు, నూటికి ఒక వంతు అవకాశమే వుందని చెప్పారు. టామీ జాన్ 1976లో మైదానానికి తిరిగివచ్చి, 1989 దాకా ఆడి, ఆపరేషను తరువాతే 164 ఆటలు గెలిచాడు. ఇప్పుడు ఇది పిచర్లకు తరచు జరిగే ఆపరేషనే. అయినా కోలుకోవటానికి ఏడాది పైమాటే. మొదట చెయ్యి చాపటం, ముడవటం. తరువాత కొద్ది అడుగుల దూరానికి బంతి వేయటం. పందొమ్మిది స్ట్రైకవుట్లు చేసిన చేతికి ఓనమాలు దిద్దించటమన్నమాట.

2024 జులైలో కుమార్ ఆరిజోనా శిక్షణ మైదానంలో మళ్ళీ మొదలుపెట్టాడు. అక్కడ నుంచి డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో మేజర్ లీగు దిబ్బ ఎక్కి, నాలుగు ఇన్నింగ్సుల్లో ఏడుగురిని స్ట్రైకవుట్ చేశాడు.

ఇంతటితో ఆపితే కథ బాగానే వుంటుంది, కాని సగమే చెప్పినట్టు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ జావెలిన్ విసిరిన కుర్రవాళ్ళు. 2008లో ఒక టీవీ పోటీలో నెగ్గి, అంతకు ముందు బేస్‌బాల్ ఎరగనివాళ్ళు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. అమెరికా వృత్తి బేస్‌బాల్‌లోకి అలా వచ్చిన మొదటి భారతీయులు వారే. దినేశ్ రెండేళ్ళకే ఇంటిదారి పట్టాడు. రింకూ సింగిల్-ఏ దాకా వెళ్ళాడు, తరువాత గాయాలు. మేజర్ లీగు చూడలేదు. మైనర్ లీగుల్లో ఆడేవాళ్ళలో ఎక్కువమంది కథ ఇదే.

ఈ కథలో మాకు పట్టుకున్నది గెలుపు కాదు, మళ్ళీ మొదలుపెట్టటం. మన సంఘాల్లో ఎందరు డాక్టర్లు స్వదేశంలో రోగులను చూసి, పేరు తెచ్చుకుని, ఇక్కడకు వచ్చి తమకంటే చిన్నవాళ్ళతోపాటు రెసిడెన్సీ చేయలేదు? రాత్రి డ్యూటీలు, చలిలో బస్సు స్టాపులు, మన పేరు పలకలేక సగంలో ఆగిపోయే ప్రొఫెసర్లు. కింది మెట్టు మనకు కొత్త కాదు. ఆ రోజులను ఇప్పుడు విందుల్లో నవ్వుతూ చెప్పుకుంటాము. పిల్లల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ మెట్టు పేరెత్తితేనే భయపడతాము.

మన అబ్బాయి ఒకరోజు భోజనాల దగ్గర తల వంచుకుని, “నాన్నా, నాకు రెండేళ్ళు టైమివ్వండి, ఆడి చూస్తాను,” అంటే ఏం చెబుతాము? చదువు వదలమని మేము ఎవరికీ సలహా ఇవ్వటం లేదు. పై లెక్కలన్నీ చూశాక అలా చెప్పటం తప్పు కూడా. కాని “వద్దు” అనే ముందు, మనం ఈ దేశంలో విమానం దిగిననాడు మన చేతిలో ఎంత భరోసా వుండేదో ఒక్కసారి తలచుకోవటం మంచిది.

ఈ వేసవిలో దగ్గరలోని మైనర్ లీగు ఆటకు పిల్లలతో ఒక సాయంత్రం వెళ్ళి చూడండి. టిక్కెట్టు ఖరీదు సినిమాతో సమానం. ముందు వరసలో కూర్చోవచ్చు, ఆటగాళ్ళ ముఖాలు కనిపిస్తాయి. పులిహోర మాత్రం ఇంట్లోనే తిని బయలుదేరండి, గేటు దగ్గర లోపలికి రానివ్వకపోవచ్చు!