కీబోర్డుతో నడచువారి దారి

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల విద్యార్థులు 2016 నుండి డిగ్రీ ప్రవేశమునకు 'దోస్త్' అను ఆన్‌లైన్ పద్ధతిలో కళాశాలలను ఎంచుకొనుచున్నారు. (ఉర్దూ మిత్రులకు ఆ పేరు వేరుగా వివరింప నక్కరలేదు.) చూపులేని విద్యార్థికి మౌస్ ఉపయోగపడదు; ట్యాబ్ మీటను నొక్కుచు, ఎన్.వి.డి.ఎ. వంటి స్క్రీన్ రీడరు చదువగా వినుచు ముందుకు సాగును. అతడు నిలిచిన చోటునే ఫోకస్ అందురు.

ఐదు కళాశాలలున్న పట్టిక నొకదానిని ఊహింతము. మూడవదాని ప్రక్కనున్న 'తొలగించు' మీటను నొక్కగానే ఆ వరుసతోపాటు ఆ మీటయు మాయమగును. నిలిచిన మెట్టే ఊడినట్లు! స్క్రీన్ రీడరు మూగబోవచ్చును, లేదా పుటను మొదటినుండి చదువనారంభింపవచ్చును. కొన్ని బ్రౌజర్లు పాత చోటును గుర్తుంచుకొనును గాని, వానిని నమ్ముకొనుట తగదని మా అభిప్రాయము.

ప్రోగ్రాము వ్రాయువారే ఫోకస్‌ను తరువాతి వరుసలోని మీటకు చేర్పవలెను; అది లేనిచో పై వరుసకు. పట్టిక ఖాళీ అయినచో శీర్షికకు చేర్పవలెను. శీర్షికకు ట్యాబ్‌ఇండెక్స్ విలువ -1 ఇచ్చినచో అచట ఫోకస్ నిలుచును.

ఇందులో ఒక చిక్కు గలదు. క్రొత్త మీటయు 'తొలగించు' అనియే పలికినచో, పని జరుగలేదనుకొని విద్యార్థి మరల నొక్కి, కోరుకొన్న కళాశాలనే పోగొట్టుకొనును. కావున మీట పేరులో కళాశాల పేరును చేర్పవలెను. 'ఒకటి తొలగినది, నాలుగు మిగిలినవి' అని లైవ్ రీజియన్ ద్వారా వినిపింపవలెను.