దూరపు ప్రతిని దిద్దు యంత్రము

ఒక ప్రాచీన కావ్యమునకు తంజావూరి సరస్వతీ మహలునందొక తాళపత్రప్రతియు, చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునందు వేఱొక ప్రతియు నున్నయెడల పరిష్కర్త యేమి చేయును? ఒకదానికి నకలు వ్రాయించి తెప్పించుకొని, రెంటిని ఎదురెదురుగా పఱచుకొని పాఠభేదములను గుర్తించును. అట్లుగాక, రెండు ప్రతులును తమతమ చోట్లనే యుండగా, ఏ యొక్కదానిని పూర్తిగా రెండవచోటికి మోయకయే వాని భేదమును మాత్రము తెలిసికొనుట సాధ్యమా యని యడిగినచో, రెంటిని చూడక భేదమెట్లు తెలియునని మనబోంట్లు ఆ ప్రశ్న నక్కడనే విడుతుము. 1996 వ సంవత్సరమున ఆస్ట్రేలియా రాజధానియగు కాన్‌బెర్రాలో ఇద్దఱు దానిని విడువక పట్టుకొని సమాధానము సాధించిరి. వారి సాధనము పేరు ఆర్‌సింక్. ఖండాంతరముననున్న సర్వరులోని డేటాబేసు బ్యాకప్పు, నిన్నటి ప్రతి మన కంప్యూటరులో నున్నంతమాత్రమున, నేడు కొద్ది నిమిషములలో దిగివచ్చుచున్నదనిన, అందులకు చాల చోట్ల ఆ సాధనమే కారణము.

ఫైళ్లను ఒక కంప్యూటరునుండి వేఱొకదానికి చేరవేయు విద్య అప్పటికే పాతికయేండ్ల ప్రాయమున నుండెను. కాన్పూరు ఐఐటీలో చదివి అమెరికాకు వెళ్లిన అభయ్ భూషణ్, ఎం.ఐ.టీ.లో నుండగా 1971 ఏప్రిల్ నెలలో ఎఫ్‌టీపీ నియమావళికి తొలిరూపమును వ్రాసెను. అది ఫైలును ఆమూలాగ్రముగ మోసెడిది. పాస్‌వర్డును సయితము దారిలో ఎవరైనను చదువగలుగునట్లు బాహాటముగ పంపెడిది. 1995 లో ఫిన్లండు దేశమున హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు టాటు యూలోనెన్, తమ నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగిలింపబడుటను చూచి, మార్గమంతయు గూఢలిపితో కప్పబడు ఎస్‌ఎస్‌హెచ్‌ను నిర్మించెను. రహస్యమునకు రక్షణ దొరకెను గాని బరువు తగ్గలేదు.

ఆ బరువెంతటిదో నేటివారికి చెప్పిననే గాని తెలియదు. ఆనాటి టెలిఫోను మోడెము సెకనుకు 28,800 బిట్లు మోయుచున్నదనుకొన్నను, 24 మెగాబైట్ల ఫైలొకటి దిగుటకు రెండు గంటలకు దగ్గఱ పట్టును. ఆ ఫైలులో మారినది నాలుగు పంక్తులే యైనను ఆ రెండు గంటలును తప్పవు. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమున పరిశోధకుడుగా నున్న ఆండ్రూ ట్రిడ్జెల్, అక్కడివాడే యైన పాల్ మెకరాస్ అను నిరువురును, ఇట్టి టెలిఫోను తీగకు ఇరుకొనలనున్న రెండు ఫైళ్లనే ఉదాహరణముగ గైకొని, 1996 జూన్ నెలలో తమ యుపాయమును ఒక చిన్న నివేదికగ ప్రకటించిరి.

ఉపాయ మిట్టిది. నిన్నటి ప్రతి గల మన కంప్యూటరు దానిని సమానమైన ముక్కలుగ, ఉదాహరణకు ఏడువందల బైట్లకొకటి చొప్పున, విభజించి, ఒక్కొక్క ముక్కకు రెండేసి సంకేతసంఖ్యలను గణించును. వీనినే చెక్‌సమ్‌లందురు. మొదటిది 32 బిట్ల తేలిక సంఖ్య. రెండవది 128 బిట్ల దృఢసంఖ్య. ముక్కలను పంపక ఈ సంఖ్యల పట్టికను మాత్రమే సర్వరునకు పంపును. నేటి ఫైలు గల సర్వరు, ఆ పట్టికను చేతబట్టుకొని, తన ఫైలులో అట్టి ముక్కలెక్కడెక్కడ నున్నవో వెదకుకొనును. దొరకిన ముక్కకు బదులు దాని వరుససంఖ్యను, దొరకని భాగమునకు అసలు అక్షరములను పంపును. ఇటువైపు కంప్యూటరు పాతముక్కలను, క్రొత్త అక్షరములను కూర్చి నేటి ప్రతిని నిర్మించుకొనును.

ఇందులో ఒక చిక్కు గలదు. ఫైలు మొదటనే ఒక అక్షరము అధికముగ చేరినచో తరువాతిదంతయు ఒక్కొక్క స్థానము జరిగిపోవును. ముక్కల సరిహద్దులు ఒక్కటియు కలియవు. కావున సర్వరు ప్రతి యక్షరస్థానమునుండియు ఏడువందల బైట్ల చట్రమును పెట్టి చూడవలసియుండును. ప్రతిసారియు మొత్తము మరల కూడినచో గణనమునకు అంతముండదు. ఇక్కడనే ఆ యిరువురి ప్రతిభయంతయు నున్నదని నా యభిప్రాయము. వారి తేలిక సంఖ్య దొర్లెడి సంఖ్య. నాలుగు బైట్ల చట్రములో 5, 8, 3, 6 అను విలువలున్నవనుకొందము. వాని మొత్తము 22. అక్షరముల వరుస మారినను మొత్తము మారదు గనుక, మొదటిదానిని నాలుగింట, రెండవదానిని మూడింట, మూడవదానిని రెండింట, కడపటిదానిని ఒకటింట గుణించి కూడిన రెండవ మొత్తమును గూడ ఉంచుకొందురు, అది 56. ఇప్పుడు చట్రమొక స్థానము జరిగి 5 వెడలిపోయి 9 లోనికి వచ్చినది. 22 లో 5 తీసి 9 కలిపిన 26. 56 లోనుండి వెడలిన 5 యొక్క నాలుగింతలను, అనగా 20 ని, తీసి, క్రొత్తగా వచ్చిన 26 ను కలిపిన 62. పాఠకుడు 8, 3, 6, 9 లను మొదటినుండి గుణించి కూడి చూచినను 62 ఏ వచ్చును. చట్రము ఏడువందల బైట్లదైనను జరుగుటకు పని యింతే. తేలిక సంఖ్య కలిసినచోట మాత్రమే శ్రమతో కూడిన దృఢసంఖ్యను గణించి నిశ్చయింతురు. కడపట మొత్తము ఫైలునకే యొక సంకేతమును సరిచూచి, తప్పున్నచో మరల చేయుదురు.

ఆ నివేదికలోనే వారు లైనక్స్ కెర్నెల్ యొక్క 1.99.10, 2.0.0 రూపముల మూలగ్రంథములపై దీనిని పరీక్షించిరి. మూలగ్రంథమంతయు ఒక్కటిగ మూటగట్టిన సుమారు 24 మెగాబైట్ల ఫైలది. అందు 2,441 ఫైళ్లుండగా 291 మారినవి. ఏడువందల బైట్ల ముక్కలతో రాకపోకల భారమంతయు రెండు మెగాబైట్లకు కొంచెము మించినది.

డేటాబేసు విషయమున మాత్రము ఈ యంత్రమొక్కటియే చాలదు. పని చేయుచున్న డేటాబేసు ఫైళ్లను ఉన్నవి యున్నట్లు ఎత్తికొని వచ్చినచో, ఒక ఖాతానుండి సొమ్ము తీసిన వ్రాత యొక క్షణమునను, వేఱొక ఖాతాలో జమచేసిన వ్రాత మఱియొక క్షణమునను నకలగుటచేత, ఏనాడును లేని స్థితి ప్రతిలో ప్రత్యక్షమగును. అందుచేత పోస్ట్‌గ్రెస్‌నందు పీజీడంప్, మైఎస్‌క్యూఎల్‌నందు మైఎస్‌క్యూఎల్‌డంప్ వంటి పనిముట్లతో ఒకే క్షణమునకు చెందిన ప్రతిని మొదట సర్వరుమీదనే తీసి, ఆపైన దానిని తెచ్చుకొనవలెను. ఆ ప్రతిని జీజిప్‌తో మామూలుగ కుదించినచో, మొదట మారిన ఒక్క అక్షరము పిమ్మట వచ్చు బైట్లనన్నింటిని మార్చివేయుటచేత ముక్కలు కలియక యంత్రము వ్యర్థమగును. ఇందులకే జీజిప్‌లో ఆర్‌సింకబుల్ అను ప్రత్యేక మార్గమొకటి యేర్పడినది. సర్వరు తనంతట పంపుటకంటె మన కంప్యూటరే పోయి తెచ్చుకొనుట మేలని నేను దృఢముగ నమ్మెదను: సర్వరును ఆక్రమించుకొన్న దొంగచేతికి మన యింటి తాళపుచెవి అప్పుడు దొరకదు. పాత దినముల ప్రతులను గూడ వేఱుగ నుంచుకొనవలెను. చెడిన డేటాను సయితము ఈ యంత్రము అంతే విశ్వాసముతో మోసికొనివచ్చును.

బ్యాకప్పు నిజముగ పుట్టుచున్నదో లేదో చూచుకొనుటయు అవసరమే. 2017 జనవరి 31 వ తేదీన, ప్రోగ్రాముల మూలములను దాచియుంచు గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన సర్వరులోని డేటాబేసును తొలగించెను. సుమారు 300 గిగాబైట్లు పోయినవి. పీజీడంప్ తీయుచున్నదనుకొన్న బ్యాకప్పులు, రూపాంతరముల పొత్తు కుదరక, అసలు పుట్టనేలేదు. ఆ సంగతిని తెలుపు ఈమెయిళ్లును తిరస్కరింపబడినవి. ఆఱు గంటల పూర్వము వేఱొక పనికై తీసిన స్నాప్‌షాటొకటి మిగిలియుండెను. దానిని నెమ్మదిగ నడచు డిస్కులనుండి ప్రధాన సర్వరునకు చేర్చుటకు దాదాపు 18 గంటలు పట్టెను. ఆ ఆఱు గంటలలో డేటాబేసునందు వ్రాయబడినది మరల లభింపలేదు.