బల్లమీద తల వాల్చిన విద్యార్థి

మార్చి నెల వచ్చేసరికి పెదకాకాని చుట్టుపట్ల గ్రామాలకు రెండు తొందరలు ఒక్కసారే వస్తాయి. పొలంలో మిరప కోత ఆగదు; బడిలో పదవ తరగతి పరీక్షలు ఆగవు. అటువంటి దినాలలో ఎండ ముదిరిన వేళ, వెనుక వరుసలో ఒక పిల్లవాడు బల్లమీద తల వాల్చితే ఉపాధ్యాయునకు కోపం రావడం సహజమే. ఆ పిల్లవాడు లుకేమియా అనే రక్త కాన్సరుకు మందులు వాడుతున్నాడని తెలిసినవారు సైతం, "జుట్టు మొలిచినది, ఒళ్లు చేసినది, ఇంకా ఏమి జబ్బు?" అనుకొంటారు. జుట్టు మొలవడం వేరు, సత్తువ రావడం వేరు. ఇక ఒళ్లు చేయడమంటారా, అది చాలసార్లు స్టెరాయిడు మందు తెచ్చిన వాపేగాని బలం కాదు.

అసలు ఇటువంటి పిల్లవాడు బడికి రావడమే ఒకనాడు ఊహకందని విషయం. 1948లో బోస్టను నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా సోకిన 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ అనే మందు ఇవ్వగా 10 మందికి కొంతకాలంపాటు ఉపశమనం కలిగినది. ఆ మందు వచ్చినది లెడర్లీ ప్రయోగశాలనుండి. అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించినవారు 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ సంవత్సరమే ఆగస్టులో ఆయన కీర్తిశేషులైనారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఈ పిల్లలు వారానికొకసారి మింగుతున్నారు. సంపన్న దేశాలలో ఈ జబ్బు వచ్చిన పిల్లలలో పదింట ఎనిమిది, తొమ్మిదిమంది కోలుకొంటున్నారు. మన దేశంలో ఇంకా అంతమంది కోలుకోవడం లేదు. చికిత్సను మధ్యలో మానివేయడం అందుకొక కారణం. చికిత్స రెండు మూడేండ్లు సాగుతుంది. అందులో అధికభాగం పిల్లవాడు ఇంటిపట్టున ఉండి, మాత్రలు మింగుతూ, బడికి పోతూ గడపవలసినదే. కనుక ఆ కాలంలో అతని సుఖదుఃఖాలు వైద్యుని చేతిలోకంటె ఉపాధ్యాయుని చేతిలోనే ఎక్కువగా ఉంటాయి.

ఈ అలసట మనమెరిగిన అలసట కాదు. పత్తి తీసి వచ్చిన కూలిమనిషి రాత్రి కంటినిండ నిద్రపోతే తెల్లవారి లేచి మరల చేలోకి పోగలడు. ఈ పిల్లవాడు పది గంటలు పడుకొని లేచినా పడుకొనేముందు ఎట్లున్నాడో అట్లే ఉంటాడు. జబ్బు, మందులు, రక్తహీనత, సరిగా సాగని భోజనం, చెదరిన నిద్ర, మనసులోని భయం, ఇన్నీ కలిసి తెచ్చే నిస్త్రాణ ఇది. ఆసుపత్రికి బస్సులలో పోయివచ్చే ప్రయాణం దీనికి తోడు. నిస్త్రాణ కాళ్లకే పరిమితం కాదు. చదివిన వాక్యమే మరల చదవవలసి వస్తుంది. తోటివారి ఎదుట చిన్నతనమని పదిహేనేండ్ల పిల్లవాడు దీనిని దాచుకొంటాడు కూడ.

కాలువ చివరి భూముల రైతు చేసే పనే ఇక్కడ చేయవలసి ఉన్నది. నీరు కొద్దిగా వస్తుందని అతనికి తెలుసు. ఏ మడికి ముందు పెట్టవలెనో చూచుకొంటాడు. అట్లే పిల్లవాడు ఒక వారంపాటు ఏ వేళ ఓపిక ఉన్నదో, ఏ పని తరువాత కూలబడినాడో చిన్న పుస్తకంలో వ్రాసుకొంటే అతని దినచర్య అతనికే తెలిసిపోతుంది. కష్టమైన లెక్కలు ఓపిక ఉన్న వేళకు, తక్కినవి మరొక వేళకు. ఉన్న కొద్దిపాటి శక్తిని దేనికి ఖర్చు చేయవలెనో నిర్ణయించే హక్కు మాత్రం అతనిదే కావలెను. లెక్కలు వదలి స్నేహితులతో అరగంట కబుర్లు చెప్పుకొంటానంటే, ఉపాధ్యాయులు నన్ను క్షమింతురుగాక, నేను కబుర్లకే ఓటు వేస్తాను.

అట్లని రోజంతా మంచం దిగనీయకపోవడం మంచిది కాదు. ఇది మన అమ్మమ్మలకు రుచించని మాట. కదలని కండలు కరిగి, అలసట మరింత పెరుగుతుంది. వైద్యుడు వద్దనని పక్షంలో ప్రొద్దున చల్లనివేళ కొద్ది దూరం నడక, దినదినానికి నాలుగడుగులు ఎక్కువ, మందుతో సమానంగా మేలు చేస్తుంది. పగటినిద్ర అరగంట, గంటకు మించరాదు. సాయంత్రం అసలే వద్దు. రాత్రి చేతిలో ఫోను ఉండరాదు.

బలం మందుల సంగతి ఒకటి చెప్పవలెను. మెథోట్రెక్సేట్ పనిచేసేది ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడి. ప్రేమకొద్దీ బంధువులు కొనితెచ్చే టానిక్కులలో ఆ ఫోలిక్ ఆమ్లమే ఉండవచ్చును. వైద్యుని అడగకుండ ఒక చెంచా అయినా పోయరాదు. ఒకేసారి కడుపునిండ తినలేనివానికి కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టవలెను. ఉన్నట్టుండి నిస్త్రాణ హెచ్చినా, ఆయాసం వచ్చినా రక్తపరీక్ష అవసరమని గుర్తు. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే తెల్లవారేదాక ఆగక అప్పుడే ఆసుపత్రికి పోవలెను. తెల్లకణాలు తగ్గిన దినాలలో ఆదివారపు రద్దీలో మల్లేశ్వరస్వామి దర్శనం మానుకొన్నా స్వామి ఏమీ అనుకోడు.

బడి చేయగలిగినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఎండలో ప్రార్థనకు నిలబెట్టకపోవడం, ఆ తరగతిని మేడమీదనుండి క్రిందికి మార్చడం, ఒక పూట బడికి ఒప్పుకోవడం, పది లెక్కలకు బదులు మూడు ఇవ్వడం. మూడు సరిగా చేసినవానికి తక్కిన ఏడూ వచ్చినట్లే. స్టెరాయిడు మాత్రలు వేసుకొనే కొద్ది దినాలలోను, మానిన వెంటనే కూడ నిద్ర చెడి, చిరాకు పెరిగి, ఒళ్లు తూలుతుంది. ఆ తేదీలు తల్లిదండ్రులనడిగి తెలుసుకొంటే పరీక్షను మరొక దినానికి జరపవచ్చును.

ఇక తోటి విద్యార్థులు. "ఎట్లా ఉన్నావు?" అని పదిమంది పదిసార్లు అడిగితే జవాబు చెప్పడానికే అతని ఓపిక చెల్లిపోతుంది. అడగకుండ పుస్తకాల సంచి అందుకొని నడవండి. వాడు రాని దినాన పాఠం రెండు ప్రతులు వ్రాసి, సాయంత్రం ఇంటికి పోయి ఇచ్చి, రమ్మంటే కూర్చోండి. కళ్లు మూతపడుతుంటే లేచి రండి.