అగ్గిపుల్లల రైలు స్టేషను

బొమ్మ రైలుకూ, నమూనా రైలుకూ భేదం కొలతలో ఉంది. బొమ్మ రైలును పోలి ఉంటే చాలు. నమూనా నిష్పత్తిని తప్పరాదు. ప్రపంచంలో విస్తృతంగా ప్రచారంలో ఉన్న 'హెచ్.ఓ.' నమూనాలో ప్రతి వస్తువూ అసలు పరిమాణంలో 87వ వంతు ఉంటుంది. పుణెలో 1998లో ప్రారంభమైన జోషి సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాలలోని రైళ్లు ఈ కొలతలోనివే. రైళ్లను, పట్టాలను సాధారణంగా కొనక తప్పదు. కాని వాటి చుట్టూ ఉండే స్టేషను, చెట్టు, బావి, కంచె వంటివాటిని ఇంట్లోని వ్యర్థ పదార్థాలతోనే రూపొందించవచ్చు.

ఏ వస్తువు దేనికి పనికివస్తుందో నిర్ణయించడానికి పోలిక ఒక్కటే చాలదు, పరిమాణం ముఖ్యం. అగ్గిపుల్ల మందం సుమారు 2 మిల్లీమీటర్లు. దానిని 87తో హెచ్చిస్తే 17 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే నమూనాలో అది పుల్ల కాదు, దూలం! కంచె గుంజలు కావాలంటే దానిని నిలువునా చీల్చాలి. శీతల పానీయపు సీసా మూత రెండున్నర మీటర్ల బావి గట్టుకు సరిపోతుంది.

రేకుల కప్పు విషయంలోనే చాలామంది మోసపోతారు. అట్టపెట్టె లోపలి ముడతల కాగితం చూపులకు రేకులాగే ఉంటుంది. కాని ముడతల మధ్య దూరం 6, 7 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఒక్కొక్క ముడత అర మీటరు వెడల్పై, స్టేషను మాస్టరు గదిపై సముద్రం పొంగినట్లుంటుంది. అసలు రేకులో ఆ దూరం 7, 8 సెంటీమీటర్లే కనుక నమూనాలో మిల్లీమీటరు కన్న తక్కువ ఉండాలి. అంత సన్నని గాట్లు పేల దువ్వెన ఇస్తుంది. చాక్లెట్టు చుట్టిన అల్యూమినియం కాగితాన్ని దాని పళ్లపై పరచి, గోటితో మెల్లగా రుద్ది, శుభలేఖ అట్టకు అంటించాలి. ఇటుక పొడి అద్దితే తుప్పు పట్టినట్లే ఉంటుంది.

పాత విద్యుత్ తీగలోని రాగి పోగులను పురిపెడితే చెట్టు కాండం, కొనలను విడదీస్తే కొమ్మలు సిద్ధమవుతాయి. వాటికి జిగురు పూసి, పచ్చరంగు కలిపిన రంపపు పొట్టు చల్లాలి. బజారులో దొరికే పచ్చరంగుకు కొంత గోధుమరంగు కలపడం మేలు. రైలుకట్ట పక్కన దుమ్ముపట్టిన ఆకు అంత పచ్చగా ఉండదు గదా! వాడిన టీపొడిని బాగా ఎండబెడితే రాలిన ఆకులకు పనికివస్తుంది. తడి మిగిలితే బూజు పడుతుంది.

1992లో మొదలైన ఏక గేజి పథకంవల్ల మీటరు గేజి మార్గాల్లోని అనేక చిన్న స్టేషన్ల రూపం మారిపోయింది. అటువంటి స్టేషనును నిర్మించదలచినవారికి పాత ఫోటో ఒక్కటే ఆధారం కావచ్చు. అందులో ముందుగా తలుపును చూడాలి. దాని ఎత్తు 2.1 మీటర్లు అనుకుంటే నమూనాలో 24 మిల్లీమీటర్లవుతుంది. దానితో పోల్చి ఆ గోడ, కిటికీ, చూరుల కొలతలన్నీ రాబట్టవచ్చు. కెమెరాకు దగ్గరగా నిలిచిన స్తంభాలు, మనుషులు పెద్దగా కనిపిస్తారు కనుక వారిని ఈ లెక్కలో చేర్చరాదు.